గడి బయట దీవులు

భాను ఆ మార్పు పంపింది మంగళవారం పొద్దున, జిరాక్స్ మిషన్ వేడెక్కేలోగా. పంపేసి, రెండు చేతులూ పైకెత్తి కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. బయట బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ హారన్ మోగుతోంది. ఆధార్ కాపీల కోసం వచ్చిన ముసలాయన బిత్తరపోయి చూశాడు.

"క్యా హువా బేటీ?"

"దునియాని సరిచేశాను దాదా. మీకెన్ని కాపీలు?"

దునియా అంటే మరీ అంత కాదు. ఒక యాప్. పేరు ఎబ్‌లైన్. సముద్రం ఎప్పుడు పోటెక్కుతుందో, ఎప్పుడు పాటుకి దిగుతుందో చెబుతుంది. డబ్బడగదు, ప్రకటనలు చూపించదు, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. సిగ్నల్ లేని చోట్లే ఎక్కువున్న అండమాన్‌లో ఇంకేం కావాలి? డింగీ, అంటే చిన్న పడవ, ఉన్న ప్రతివాడి ఫోన్లోనూ అది ఉంది. దాన్ని తయారుచేసింది కంపెనీ కాదు. ఎక్కడెక్కడో కూర్చున్న మనుషులు జీతం లేకుండా రాస్తారు. లోపలి కోడంతా నడివీధిలో పెట్టి రాస్తారు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా "ఇది తప్పు, ఇదిగో ఒప్పు" అని దిద్ది పంపొచ్చు. అలా పంపేదాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు. తీసుకోవడం, తోసెయ్యడం వాళ్ల ఇష్టం.

ఎవరైనా దిద్దొచ్చు అని రాసి గోడకి తగిలించుకోవడం సులువే. ఎవరో నిజంగా వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు తెలుస్తుంది ఆ రాతకి ఎంత బలం ఉందో.

భాను ఆ గుమ్మం ఎక్కడానికి కారణం వాళ్లన్న నాగరాజు. పోయిన నెల అతను, జతగాడు యువరాజ్ కలిసి షోల్ బే వైపు, ఎప్పుడూ వెళ్లని ఒక వాగు సముద్రంలో కలిసే మొగలోకి డింగీ తోలారు. యాప్ చూసుకునే లోపలికెళ్లారు, యాప్ చూసుకునే బయల్దేరారు. ఇంకా అరగంట నీళ్లుంటాయని చెప్పింది యాప్. నీళ్లు లేవు. డింగీ బురదలో చతికిలబడింది. రెండు పక్కలా మడ అడవి. ఆ మడలో మొసళ్లు. దిగి తొయ్యడానికి ఎవడికి గుండె ఉంటుంది? మళ్లీ పోటు వచ్చేదాకా ఇద్దరూ పడవ మధ్యలో మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చి నాగరాజు నవ్వుతూనే చెప్పాడు. వాళ్లమ్మ నూకరత్నం నవ్వలేదు. భాను అంతకన్నా నవ్వలేదు.

వారం రోజులు, కాపీకీ కాపీకీ మధ్య, ఆ యాప్ కోడ్ తవ్వింది. కోడ్ రాయడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. గిరాకీ లేని మధ్యాహ్నాలు, ఓనరు గురునాథం పాత కంప్యూటరు, వేలకొద్దీ తప్పులు, అదే ఆమె కాలేజీ. తవ్వితే దొరికింది. భూమ్మీద ఎంత తూర్పుకి వెళ్తే గడియారాన్ని అంత ముందుకి జరపాలని ఆ యాప్ లెక్క. ఆ లెక్కన అండమాన్ గడియారం ఢిల్లీ గడియారంకన్నా అరగంట ముందుండాలి. ఉండదు కదా! ఢిల్లీ టైమే మనదీ. అందుకే మనకి తెల్లవారుజామునే ఎండ కొడుతుంది, సాయంత్రం టీ తాగుతుండగానే చీకటి పడిపోతుంది. ఇలాంటి తేడాలు సర్దడానికి యాప్ వాళ్లు మ్యాపు మీద దేశానికో గడి గీశారు. గడిలో ఉంటే ఆ దేశం టైము, బయట ఉంటే లెక్క ప్రకారం. ఇండియాకీ ఒక గడి ఉంది. ఎవరో గుజరాత్ దగ్గర మొదలుపెట్టి శ్రద్ధగా కలకత్తా దాకా గీసి, అక్కడితో చేతులు దులుపుకున్నారు. బంగాళాఖాతంలో మేమున్నామన్న ఊసే లేదు. యూరప్ పైన ఎక్కడో పక్షులు తప్ప మనిషి లేని రాళ్లకి మాత్రం మూడు గడులున్నాయి.

"అన్నా, ఇండియా గడిలో మనం లేం," అంది భాను ఆ రోజు.

"మనం ఎవలికి గుర్తున్నాం గనక," అన్నాడు నాగరాజు వల బాగుచేసుకుంటూ. "అరగంట తీసీసుకుంటే సరిపోద్ది. జెట్టీలో ముసలోల్లందరూ అదే సేస్తారు."

"తీసెయ్యాలని నీకెవరూ చెప్పలేదుగా? బురదలో కూర్చున్నాక చెప్పారు!"

అందుకని ఆమే గడి గీసింది. అయిదు లైన్ల కోడ్. శుక్రవారం, మన పొద్దు గూకే వేళకి, వాళ్లు కొత్త వెర్షన్‌కి తలుపులు మూస్తారు. ఆలోగా తీసుకుంటే దీవుల్లో ప్రతి ఫోన్లోకీ ఒప్పు టైము వచ్చేస్తుంది. తప్పితే మళ్లీ ఆర్నెల్లకే. ఈ ఆర్నెల్లలో కొత్త మొగల్లోకి దూరే కుర్రాళ్లు ఎంతమంది? ఆ ప్రశ్న భాను నెత్తిమీద కూర్చుంది.

పంపిన మరుక్షణమే జవాబొచ్చింది. "స్వాగతం! మీ మొదటి ప్రతిపాదనకి ధన్యవాదాలు!" పక్కన టపాసుల బొమ్మ కూడా. భాను షాపుకొచ్చిన ప్రతివాడికీ చూపించింది. నాలుగో మనిషికి చూపిస్తుండగా తెలిసింది, అది రాసింది మనిషి కాదు, దానంతటదే జవాబిచ్చే బాట్ అని. ఆ వెంటనే ఆ బాటే ఎర్ర ఇంటూ గుర్తులు కుమ్మరించింది. లైను చివర ఖాళీ ఉంది. ఒప్పందం మీద టిక్కు లేదు. మార్పు పనిచేస్తోందో లేదో తేల్చే పరీక్ష లేదు. అన్నీ సరిచేసింది. పళ్లు కొరుక్కుంటూ సరిచేసింది.

బుధవారం మనిషి వచ్చాడు. పేరు యోరిస్, ఉండేది నెదర్లాండ్స్‌లో. తలుపు తాళం అతని చేతిలోనే. ఒకటే మాట రాశాడు: "ఇది స్థానిక సమస్య. కావలసినవారు సెట్టింగుల్లో గడియారం చేత్తో మార్చుకోవచ్చు. ఇంత చిన్న ప్రాంతానికి వేరే గడి అవసరమా?"

భాను నిలబడి టైప్ చేసింది. కూర్చునే ఓపిక లేదు. "మనుషుల్లేని రాళ్లకి మూడు గడులిచ్చారు. నాలుగు లక్షల మందికి ఒక్కటి అవసరమా అని అడుగుతున్నారు. మీ లెక్క నాకు అర్థం కాలేదు."

దాంతో అటువైపు మాట పడిపోయింది. గురువారం పొద్దెక్కినా ఉలుకూ పలుకూ లేదు.

యువరాజ్ డీజిల్ రసీదు కాపీకి వచ్చాడు. మంచి మనిషి, గొంతే మైకు. "ఏటమ్మా భానూ, నీ పని ఏటైనాది?"

"పడుంది భయ్యా. చూసి వదిలేశారు."

"అంటే ఫైలు కదల్లేదన్నమాట!" యువరాజ్ కళ్లు మెరిశాయి. ఇది అతనికి తెలిసిన విద్య. దీవుల్లో నీళ్ల పైపు కావాలన్నా, జెట్టీలో దీపం కావాలన్నా ఒక్కడు వెళితే "కల్ ఆనా, రేపు రా" అంటారు. బస్సెక్కి యాభై మంది వెళ్లి వరండాలో ఊరికే నిలబడితే ఫైలు దానంతటదే నడుస్తుంది. అరవక్కర్లేదు. నిలబడితే చాలు. "ఎవడా సాబు? ఏ ఆఫీసు?"

"ఆఫీసు లేదు భయ్యా. నెదర్లాండ్స్."

"అంత దూరం ఫెర్రీ లేదు గదా. అందులో పబ్లిక్ రాయొచ్చా?"

"ఎవరైనా రాయొచ్చు," అంది భాను. అని, మిషన్‌కి టోనర్ కోసం అవతలి ఒడ్డున గోల్ ఘర్ బజారుకి బయల్దేరిపోయింది. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది.

తిరిగి ఫెర్రీ దిగేసరికి షాపు ముందు చెప్పుల గుట్ట. లోపల జెట్టీకి జెట్టీయే ఉంది. యువరాజ్ తెల్ల కాగితం మీద వైఫై పాస్‌వర్డ్ రాసి గోడకి అంటించాడు. గురునాథం అందరికీ ఖాతాలు తెరిచిపెడుతున్నాడు, సంబరంగా, పెళ్లిలో వడ్డన చేస్తున్నట్టు.

"దీదీ ఆ గయీ!" అని కేక. "సూడు దీదీ, నలభై మందిమి నిలబడ్డాం!"

భాను ఫోన్ తీసి చూసింది. ఆమె ప్రతిపాదన కింద వరస కట్టి ఉన్నాయి. "ప్లీజ్ సర్ పాస్ కర్ దో." "యోరిస్ భయ్యా, జల్దీ." "అండమాన్ జిందాబాద్." ఎవరో డింగీ బురదలో కూర్చున్న ఫోటో పెట్టారు. ఎవరో గులాబీ పూల మీద మంచు చుక్కలతో గుడ్ మార్నింగ్ పెట్టారు. అలాంటి గులాబీలు ఇంకా పదకొండున్నాయి.

అన్నిటికంటే కింద, బూడిద రంగు పెట్టెలో, యోరిస్ మాట: "స్పామ్. చర్చకి తాళం వేశాను."

భాను దాన్ని పైకి చదివింది.

"తాళమా?" అన్నాడు యువరాజ్. "వరండాలో నిలబడినోల్లని గెంటీసినాడా?"

"మీరు నిలబడలేదు భయ్యా, మీదపడ్డారు! వాడికి మీరెవరో తెలీదు! అరే యార్, రేపు సాయంత్రానికి తలుపులు మూసేస్తారు, ఇప్పుడు నేను కూడా రాయలేను అందులో!"

"మనోల్లం గదా, నీ కోసమే..."

"నా కోసమే ముంచారు. జావో సబ్. వెళ్లండి."

వెళ్లారు. చెప్పులు తారుమారు చేసుకుని మరీ వెళ్లారు. యువరాజ్ గోడమీది పాస్‌వర్డ్ కాగితం పీకి, మడిచి జేబులో పెట్టుకుని నడిచాడు. అది చూసి భానుకి కోపం ఇంకా ఎక్కువైంది. ఎవరి మీదో మాత్రం తేలలేదు.

ఇంటిదగ్గర నూకరత్నం చేపల తట్ట కడుగుతోంది. కూతురు కక్కిందంతా విన్నది. విని, నీళ్లు పారబోసి, నడుం మీద చెయ్యేసుకుంది.

"నలభై మంది, మొకం ఎరగనోల్లు, ఒక్కపాలి నా తట్ట మీదకొచ్చి అరిస్తే నానేటి సేస్తాను? మూతేసీసి కూకుంటాను. దొంగలనుకుంటాను. ఆడూ అదే సేసినాడు."

"అంటే వాడిదే రైటంటావా?"

"రైటూ లేదు, రాంగూ లేదు. వొచ్చినోల్లు ఎవలో ఆడికి నువ్వు సెప్పినావేటి? నువ్వెవలో సెప్పినావేటి? రాళ్లూ గడులూ అని దెబ్బలాడినావు గానీ."

భానుకి మండింది. మండటానికి కారణం అమ్మ మాట నిజం కావడమే. మెట్ల మీద కూర్చుని ఫోన్ తీసింది. ప్రతిపాదనకి తాళం ఉంది గానీ, ఆ యాప్ వాళ్లందరూ మాట్లాడుకునే గది ఒకటి విడిగా ఉంది. ఇంతవరకు అందులో తొంగిచూడలేదు. తన వంకర ఇంగ్లీషులో, దిద్దుకోకుండా, ఒక్క ఊపులో రాసింది:

"నేను భానుని. మీరు స్పామ్ అన్నది మా జెట్టీ మనుషుల్ని. యంత్రాలు కాదు. మా దగ్గర ఆఫీసులో పని కావాలంటే అందరం కలిసి వెళ్లి నిలబడతాం, ఒక్కరు వెళితే పని జరగదు. ఇక్కడ అలా కుదరదని వాళ్లకి తెలీదు. నేను చెప్పి ఉండాల్సింది. గులాబీ పూలకి క్షమించండి. గడి అడిగినందుకు మాత్రం క్షమాపణ చెప్పను. ఆ నలభై మంది ఫోన్లూ రోజూ అరగంట అబద్ధం చెబుతున్నాయి."

టీ చల్లారకముందే యోరిస్ వచ్చాడు.

"వాళ్లు మనుషులేనా?"

"నూటికి నూరు పాళ్లు. కొంతమంది మరీ ఎక్కువ మనుషులు."

"నన్ను అర్థం చేసుకోండి," అని రాశాడు అతను. "ఈమధ్య మాకొచ్చే ప్రతిపాదనల్లో సగం యంత్రం చేత రాయించి పడేసినవే. చదివి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండడు. చదివేది మేం ఇద్దరం. నేను పగలు బడిలో పాఠాలు చెబుతాను. ఒకే చోటి నుంచి ఒకే గంటలో నలభై కొత్త ఖాతాలు వచ్చేసరికి అదే అనుకున్నాను. ఆ బురదలో పడవ ఫోటో నిజమేనా?"

"నిజం. అందులో ఉన్నది మా అన్న."

"దిగి ఎందుకు తొయ్యలేదు?"

"మొసళ్లు."

అటువైపు ఏదో టైప్ చేస్తున్నట్టు మూడు చుక్కలు కదిలాయి.

"తాళం తీస్తున్నాను," అని వచ్చింది.

భాను మెట్ల మీదనుంచి ఎగిరింది. "అమ్మా! తీశాడు! ఇద్దరేనంట అమ్మా! మొత్తం యాప్‌కి ఇద్దరు!" ఇన్నాళ్లూ ఆమె ఏసీ గదులు, బంట్రోతులు, అద్దాల తలుపులు ఊహించుకుని వాటి మీద రాళ్లేస్తోంది. తీరా చూస్తే ఒక బడిపంతులు, ఇంకొకరు. జెట్టీ టికెట్ కౌంటర్లోనే ముగ్గురుంటారు!

శుక్రవారం షాపు తెరిచేసరికి యువరాజ్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నాగరాజు పక్కన.

"ఫోను ముట్టుకోను," అన్నాడు యువరాజ్ ముందే. "ఒట్టు. ఊరికే సూస్తాను."

"లోపలికి రా భయ్యా," అంది భాను. "చాయ్ నువ్వే చెప్పాలి."

యోరిస్ ఈసారి నిజంగా చదివాడు. లైను లైనూ చదివాడు. ఒకచోట మెచ్చుకున్నాడు, రెండుచోట్ల పేర్లు మార్చమన్నాడు, మార్చింది. మధ్యాహ్నం దాటాక ఒక మ్యాపు ముక్క పంపి, దానికింద రాశాడు: "మీ గడి పై గీత చూడండి. కోకో దీవులు లోపల పడ్డాయి. అవి మయన్మార్‌వి. వాళ్ల గడియారం వేరు. ఇదివరకు మా యాప్ వాళ్లకి అరగంట తప్పు చూపించేది. మీ మార్పుతో గంట తప్పు చూపిస్తుంది."

భాను రెండోసారి చదివింది. గీత గీసినప్పుడు గుర్తుంది ఆమెకి. పైన మిగిలేది సముద్రమే కదా అని కాస్త ధారాళంగా, చేతికొచ్చినంత పైకి లాగింది. కోకో ఉందని తెలుసు. అండమాన్‌లో ఎవరికి తెలీదు? తెలిసీ లెక్కలోకి రాలేదు.

"నేనూ అదే చేశాను," అంది గట్టిగా. "కలకత్తా దగ్గర చేతులు దులుపుకున్నవాడు చేసిందే."

"కోకో వోల్లు మనోల్లేటి?" అన్నాడు నాగరాజు. "ఒగ్గీ. ముందర మనది కానీ. పొద్దు సూసినావా?"

"ఒగ్గను, వదలను. వాళ్లకీ పడవలున్నాయి, వాళ్లకీ బురద ఉంది. గీత ఎక్కడ దించాలో చెప్పు, నువ్వు పైదాకా వెళ్లావుగా."

నాగరాజు తెరమీదకి వంగాడు. చేపల వాసన వేసే వేలు మ్యాపు మీద జరిపాడు. "ఇది ల్యాండ్‌ఫాల్, మనకి ఆకరు దీవి. అదిగో కోకో. ఈ మధ్య సందులో గియ్యి. ల్యాండ్‌ఫాల్ ఇవతల, కోకో అవతల."

గీసింది. యోరిస్ అడక్కుండానే కొత్త గీతకి పరీక్ష కూడా రాసింది. ల్యాండ్‌ఫాల్‌లో నిలబడితే మన టైము రావాలి, కోకోలో నిలబడితే రాకూడదు. పంపింది. బాట్ మళ్లీ తనిఖీ మొదలుపెట్టింది. పసుపు చుక్క. షాపులోకి మెల్లగా మనుషులు చేరుతున్నారు. నిన్నటి మనుషులే. ఎవరూ ఫోన్ తియ్యలేదు, చేతులు వెనక్కి కట్టుకుని గోడ వెంట నిలబడ్డారు.

పసుపు చుక్క ఎర్రగా మారింది.

"ఏటైనాది? ఏటైనాది?"

"కామా మర్చిపోయాను. చుప్!"

దిద్దింది. మళ్లీ పసుపు. కిటికీలో వెలుతురు నారింజ రంగుకి దిగుతోంది. చుక్క ఆకుపచ్చ అయింది. గోడ వెంట మనుషులు ఊపిరి వదిలారు. అయిపోలేదు. ఇద్దరు ఒప్పుకుంటేనే తీసుకుంటారు. యోరిస్ ఒప్పుకున్నాడు. రెండో మనిషి పేరు ఎలినా, ఫిన్లాండ్‌లో ఉంటుంది, ఇంతవరకు కనపడనే లేదు.

"ఆ అమ్మ పనికెల్లిపోనాదేమో," అన్నాడు యువరాజ్ గుసగుసగా. అతను గుసగుసలాడితే కూడా జెట్టీకి వినపడుతుంది.

భాను ఆ యాప్ వాళ్లు మాట్లాడుకునే గదిలో రాసింది: "ఎలినా గారూ, ఇక్కడ షాపులో ఇరవైమందిమి నిలబడి ఉన్నాం. ఎవరూ ఏమీ రాయరు, మాటిస్తున్నాను. ఒక్కసారి చూస్తారా?"

ఫెర్రీ వచ్చింది. జనాన్ని దించింది. ఎక్కించుకుంది. జెట్టీ దీపాలు వెలిగాయి. అప్పుడు వచ్చింది ఎలినా, బస్సులో ఉన్నానని చెబుతూ. ఒకే ప్రశ్న అడిగింది: "కింది గీత సంగతి? నికోబార్ దక్షిణ చివర లోపలే ఉందా?"

"ఉంది. క్యాంప్‌బెల్ బే దాటాక, ఇంకా కింద గీశాను."

"అయితే సరే."

ఆ తరవాతి క్షణం తెరమీద ఊదారంగు ముద్ర పడింది. తీసుకున్నారు! కోడ్‌లో, ఇండియా గడి కింద, ఇంకో గడి. దాని పక్కన భాను పేరు.

ఇక ఆపేదెవరు? యువరాజ్ కేక జెట్టీ దాటి అవతలి ఒడ్డుకి వెళ్లి ఉంటుంది. గురునాథం జిరాక్స్ మిషన్‌ని కొట్టాడు చప్పట్లకి బదులు. నాగరాజు చెల్లెలి నెత్తి మీద చెయ్యి పెట్టి జుట్టంతా చెరిపేశాడు. "ఎప్పుడొస్తాది ఫోన్లోకి? ఇప్పుడే నొక్కీనా?"

"రేపు పొద్దున అన్నా. వెర్షన్ కట్టాలి వాళ్లు. రేపటి నుంచి అరగంట తీసెయ్యొద్దని జెట్టీలో ముసలోళ్లందరికీ చెప్పాలి, లేకపోతే ఈసారి వాళ్లు కూర్చుంటారు బురదలో!"

"అదీ నిజమే!" అంటూ యువరాజ్ గుంపుని వెంటేసుకుని ఆ పనిమీద బయటికి పరిగెత్తాడు. నిలబడటం, కలిసి వెళ్లడం, అరవడం: అన్నిటికీ ఇప్పుడు సరైన చోటు దొరికింది అతనికి.

షాపు ఖాళీ అయింది. భాను మళ్లీ కీబోర్డు ముందు కూర్చుంది.

"ఇంకా ఏటి రాస్తన్నావే?" అన్నాడు నాగరాజు గుమ్మంలోంచి.

"కోకోకి. వాళ్లకింకా అరగంట తప్పే ఉంది కదా."

"ఆల్లు నిన్ను అడిగినారేటి?"

"లేదు. అందుకే నేనే అడుగుతున్నా. అక్కడి టైము తెలిసినవాళ్లు, అక్కడ పడవలు తోలేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. వాళ్లొచ్చి చెప్పేదాకా గీత గియ్యను."

"ఆర్నెల్లు పడతాది గదా."

"పడనీ. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను, ఎక్కడికి పోతాను?"

ఫెర్రీ దిగిన మనిషెవరో కౌంటర్ మీద వేళ్లతో కొడుతున్నాడు, రేషన్ కార్డు చేత్తో పట్టుకుని. "దో మినిట్ భయ్యా," అని అరిచింది భాను, తెరమీంచి చూపు తిప్పకుండానే.